రెండు చెవుల గాలి

పోయిన వారం మనం చిన్నమ్మాయిని ముక్కు కొండ కొన మీద, చేతిలో ఎర్ర రిబ్బనుతో నిలబెట్టి వచ్చేశాం. పదిహేను రోజులుగా ఆమె తండ్రికి తెలియకుండా ఒక పని చేస్తోంది. పొద్దున్నే కొన మీదికి వెళ్ళి రిబ్బను పట్టుకుని గాలి ఎటునుంచి వస్తోందో చూడడం, తిరిగి వచ్చి షెడ్డు ముందున్న నల్లబల్ల మీద నాన్న ఏం రాశాడో చూడడం. పదకొండు రోజులు రెండూ కలవలేదు. కలవకపోవడం పెద్ద విడ్డూరమేమీ కాదు, గాలి అన్నాక మారుతుంది. కానీ ఆయన రాసిన దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే, ఆ పదకొండు సార్లూ అసలు గాలి కుడి చెంపకే తగిలింది. ఒకసారి ఇటూ ఒకసారి అటూ తప్పే మనిషిది పరధ్యానం. ఎప్పుడూ ఒకే వైపు తప్పే మనిషికి ఏదో ఉన్నట్టు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. పాతవాళ్ళు విసుక్కోకండి, ఈ వారం ఇవి మీకూ అవసరమే. ఇది విండ్‌సర్ఫింగ్ నేర్పే ఒక కుటుంబం కథ. పలక మీద నిలబడి, తెరచాపను రెండు చేతులా పట్టుకుని, గాలితో బేరమాడుతూ నీళ్ళ మీద పోయే ఆట అది. అందులో సగం విద్య పలక మీద నిలబడడం. మిగతా సగం ఏ గాలికి ఏ తీరానికి వెళ్ళాలో తెలియడం. ముక్కు కొండకు ఇటు తూర్పు ముఖంగా పెద్ద తీరం, అటు దక్షిణ ముఖంగా చిన్న తీరం ఉన్నాయి. గాలి సముద్రం మీదనుంచి ఏటవాలుగా ఒడ్డుకు వీస్తే ఆ తీరం మంచిది. అలిసిపోయినా, తెరచాప విరిగినా, ఆ గాలే తెచ్చి ఇసుకలో పడేస్తుంది. ఒడ్డు వెంబడి వీచినా ఫరవాలేదు. నేల మీదనుంచి సముద్రంలోకి వీచే గాలి మాత్రం కొత్తవాళ్ళకు పనికిరాదు. చూడ్డానికి అదే ముద్దొస్తుంది. అలలుండవు, నీళ్ళు ఇస్త్రీ చేసినట్టుంటాయి. మనిషి ఎక్కాడో లేదో లోపలికి తీసుకుపోతుంది, వెనక్కి రానివ్వదు.

దక్షిణపు గాలైతే పెద్ద తీరానికి పోవచ్చు, ఒడ్డు వెంబడే వీస్తుంది. అదే గాలి నైరుతికి తిరిగిందంటే పెద్ద తీరాన్ని మరచిపోయి చిన్న తీరానికి పోవాలి. దక్షిణానికీ నైరుతికీ మధ్య ఉన్న దూరం మెడ కొంచెం తిప్పినంత. మన కథంతా ఆ కొంచెంలోనే ఉంది.

ఆ నిర్ణయం చేసే మనిషి ఇంటాయనే. ఊళ్ళో అందరూ ఆయన్ని గాలి మాస్టారు అంటారు. మొదట్లో ఎవరో వెక్కిరింతగా పెట్టిన పేరు, తర్వాత అదే బిరుదైపోయింది. షెడ్డు మీది జెండాను ఆయన నమ్మరు. చెట్ల చాటున అది పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. ఫోనులో చెప్పే గాలినీ నమ్మరు. కొండ పక్కన గాలి వంగుతుంది, ఆ వంపు ఫోనుకు తెలియదు. కొన మీద కళ్ళు మూసుకుని నిలబడి, గాలి చప్పుడు రెండు చెవుల్లోనూ సమానంగా వినిపించేదాకా మెల్లగా తిరుగుతారు. సమానమైన చోట ఆగుతారు. ముక్కు ఎటు చూపిస్తే గాలి అటునుంచి వస్తున్నట్టు. దిగి వచ్చి బల్ల మీద గాలి పేరు, తీరం పేరు రాస్తారు. రాసేది ఆయనే, చెరిపేదీ ఆయనే. ఇంకొకరు ఆ చెరిపే గుడ్డ ముట్టుకోవడం ఈ ముప్ఫై ఏళ్ళలో జరగలేదు.

ఆ పొద్దున బల్ల మీద ఇలా ఉంది: దక్షిణం. పెద్ద తీరం.

చిన్నమ్మాయి చేతిలో రిబ్బను నైరుతి అని చెప్పింది. పది గంటలకు పెద్దమ్మాయి ఎనిమిదిమంది కొత్తవాళ్ళను నీళ్ళలోకి దింపబోతోంది.

*

మాస్టారు షెడ్డులో చిన్న స్టూలు మీద కూర్చుని చిరిగిన తెరచాపకు అతుకు వేస్తున్నారు. బొటనవేలికి తోలు తొడుగు, పళ్ళ మధ్య దారం. ఆయన స్టూలు ఎప్పుడూ గోడకు ఆనుకునే ఉంటుంది, కుడిపక్క గోడ వచ్చేలా. భోజనాల బల్ల దగ్గర కూడా అంతే. ఎవరొచ్చినా ఆయనకు ఎడమపక్కే కూర్చోవాలి. పెద్దాయన చాదస్తం అనుకుని అందరూ సర్దుకున్నారు. చిన్నమ్మాయి గుమ్మంలో నిలబడి ఆ గోడను చూసింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న గోడే, ఇవాళ మొదటిసారి చూసినట్టుంది.

పైన దూలానికి రెండు తాళ్ళతో ఒక పలక వేలాడుతోంది. అంచులు పసుపుపచ్చగా మారి, దుమ్ము పట్టి ఉంది. అది పెద్దల్లుడిది. అయిదేళ్ళుగా ఎవరూ దించలేదు.

"నాన్నా, ఒక్కసారి కొన దాకా రా" అంది.

"ఎందుకే?"

"గాలి చూద్దువుగాని."

"చూశాగా. రాశాగా. నీకు చదవడం రాదా?"

"ఇంకోసారి చూడు."

మాస్టారు దారం తెంపారు. "ఒకసారి రాసినదాన్ని ఇంకోసారి చూసుకునే అలవాటు నాకు లేదమ్మా. అలా చూసుకోవడం మొదలెడితే మధ్యాహ్నం దాకా చూసుకుంటూనే ఉండాలి. నేర్చుకునేవాడికి ఒక మాట కావాలి, రెండు మాటలు కాదు."

ఇది ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. మామూలుగా ఐతే చిన్నమ్మాయి నవ్వేసి వెళ్ళిపోయేది. తండ్రి మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు పుట్టుకతో రాలేదు. ఆ ఇంట్లో అది ఉన్న మనిషి ఒక్కడే, పైన వేలాడుతున్న పలక తాలూకు మనిషి.

"పోయిన నెల ఇద్దరు కొట్టుకుపోయారు కదా. మోటారు పడవ వేసుకుని నేనే వెళ్ళి తెచ్చాను. గాలివాటం అన్నావు. నేనూ సరేనన్నాను. ఇవాళ ఎనిమిదిమంది ఉన్నారు నాన్నా. పడవలో నలుగురే పడతారు."

మాస్టారు సూది గుచ్చడం ఆపారు. కోపం రాబోయే ముందు ఆయన కనుబొమలు దగ్గరకు వస్తాయి. ఈసారి రాలేదు. అది చూసే చిన్నమ్మాయికి భయం వేసింది.

"పద" అన్నారు.

*

కొన మీద గడ్డి అంతా ఒకే వైపుకు వాలి ఉంది. మాస్టారు ఎప్పుడూ నిలబడే చోట నేల నున్నగా అరిగిపోయింది. అక్కడ నిలబడి ఆయన కళ్ళు మూసుకున్నారు. చిన్నప్పుడు చిన్నమ్మాయికి ఇదే అన్నిటికన్నా గొప్ప సంగతి. మా నాన్నకు గాలితో మాటలున్నాయని బళ్ళో చెప్పి తన్నులు కూడా తింది. ఇప్పుడు ఆ మనిషి మెల్లగా, అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. దక్షిణానికి రాగానే ఆయన ఆగారు. నిలకడగా, ఏ అనుమానమూ లేకుండా ఆగారు.

చిన్నమ్మాయి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, జేబులోని రిబ్బను తీసి ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఎత్తి పట్టుకుంది.

"ఇప్పుడు కళ్ళు తెరువు నాన్నా."

ఆయన లెక్క సరైనదైతే ఆ రిబ్బను కొస నేరుగా వచ్చి ఆయన ముక్కుకు తగలాలి. తగల్లేదు. ఎడమ భుజం పక్కనుంచి, చెవికి అందనంత దూరంగా వెనక్కి పోయి టపటపా కొట్టుకుంటోంది. మాస్టారు ముందు రిబ్బనును చూశారు. తర్వాత తన పాదాలు ఎటు ఉన్నాయో చూసుకున్నారు. కొండ వంపో, గాలి సుడో అని ఏదో ఒకటి అంటారనుకుంది చిన్నమ్మాయి. అన్నీ ఆమెకు నేర్పింది ఆయనే కాబట్టి అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని వచ్చింది. ఒక్కటీ అవసరం పడలేదు.

"ఇంత దూరం పోయిందా" అన్నారాయన, ఎవరితోనో అన్నట్టు.

"కుడి చెవి వినపడదు కదా నీకు?"

"చాలా తక్కువ."

"ఎప్పటినుంచి?"

ఆయన కూర్చున్నారు. గడ్డి మీద కాదు, అరిగిన ఆ నేల మీదే. చిన్నమ్మాయి ఆయనకు ఎడమపక్కకు వెళ్ళి కూర్చుంది. అలా ఎడమకు వెళ్ళినందుకు ఆయన ఆమె చేతిని ఒకసారి తట్టారు.

"తెలిసిన దగ్గర్నుంచీ సవరించుకుంటూనే ఉన్నానమ్మా. రెండు చెవులూ సమానమనిపించిన చోట ఆగి, అక్కణ్ణుంచి బొటనవేలంత కుడికి తిరిగేవాణ్ణి. సరిపోయేది. నాలుగేళ్ళు సరిపోయింది. చెవి అక్కడితో ఆగుతుందనుకున్నా. ఆగలేదు. ఈ ఏడాది ఇంకా తగ్గింది. నా సవరణ మాత్రం బొటనవేలి దగ్గరే ఉండిపోయింది."

మనిషి తన తప్పును ఇంత జాగ్రత్తగా కొలిచి పెట్టుకున్నాడంటే దాన్ని దాచడానికి ఎంత కష్టపడి ఉంటాడో చూడండి. ఆ కష్టంలో సగం పడితే చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళి రావచ్చు. నాకు ఆయన మీద కోపమే వస్తుంది, దాచను. కానీ ముప్ఫై ఏళ్ళు ఒకే ఒక్క విద్యతో ఊరి మధ్య తలెత్తుకు తిరిగినవాడికి, ఆ విద్య ఒక చెవిలోంచి జారిపోతోందని చెప్పడానికి నోరు రాదు. అదీ నిజమే.

చిన్నమ్మాయి మాత్రం లెక్కలో పడింది. "నాలుగేళ్ళు సరిపోయింది. ఏడాదిగా సరిపోవడం లేదు. అంటే అయిదేళ్ళ నుంచి..." అని, మిగతా మాట మింగేసింది. ఆ అయిదు అనే అంకె ఆ ఇంట్లో ఎవరూ పలకరు.

అయిదేళ్ళ కింద, ఈ రోజుల్లోనే, కొత్తగా వచ్చిన ఒకతణ్ణి తీసుకుని బావ పెద్ద తీరానికి వెళ్ళాడు. ఆ కొత్తతను కొట్టుకుపోతుంటే వెనకే పోయాడు. సాయంత్రానికి ఒక చేపల పడవ ఆ కొత్తతణ్ణి ప్రాణాలతో తెచ్చింది. బావ తాలూకు పలకను మాత్రమే తెచ్చింది. ఆ కొత్తతను ఎవరితోనూ మాట్లాడకుండా ఆ రాత్రే ఊరు వదిలి పోయాడు. అప్పుడు చిన్నమ్మాయి వేరే ఊళ్ళో చదువుకుంటోంది. అక్క పంటినొప్పి భరించలేక డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఉన్నది మాస్టారొక్కరే. అందరూ పరుగున వచ్చి చూస్తే బల్ల మీద స్పష్టంగా ఉంది: నైరుతి. చిన్న తీరం. అంటే బావ బల్ల మీది మాట దాటి వెళ్ళాడన్నమాట. మామగారితో ఎప్పుడూ వాదనే కదా, ఆ రోజు కూడా పంతానికి పోయాడన్నారు. మొండిఘటం అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది అతని భార్య, అక్కే.

"ఆ రోజు బల్ల మీద నైరుతి అనే ఉంది కదా నాన్నా" అంది చిన్నమ్మాయి. ఉందని చెప్పు, దయచేసి ఉందని చెప్పు, అని ఆమె గొంతే బతిమాలుతోంది.

"సాయంత్రం ఉంది" అన్నారు మాస్టారు.

ఆమె అడగకముందే మిగతాది ఆయనే చెప్పారు.

"పొద్దున దక్షిణం అని రాశాను. జలుబు చేసి చెవి దిబ్బడేసిందనుకున్నాను. మీ బావ వచ్చి చూసి, మామయ్యా, నైరుతిలా ఉందే అన్నాడు. నా రెండు చెవుల కన్నా నీ ముక్కు గొప్పదా అన్నాను. ఆ కొత్తతను అక్కడే నిలబడి ఉన్నాడు. బయటివాడి ముందు నన్ను తగ్గించడం ఎందుకనుకున్నాడేమో, నవ్వి ఊరుకున్నాడు. రోజూ వాదించేవాడమ్మా. ఆ ఒక్కరోజే వాదించలేదు."

"తర్వాత?"

"గంటయ్యాక ఇక్కడికి వచ్చాను. దూరంగా పోతున్న తెరచాపలు చూస్తే తెలిసిపోయింది. పడవ వాళ్ళను కేకేసి, వాళ్ళు బయల్దేరాక బల్ల దగ్గరకు వెళ్ళాను. చెరిపాను. నైరుతి, చిన్న తీరం అని రాశాను. వాడు తిరిగొస్తాడనే అనుకున్నా. తిరిగొచ్చి నాలుగు తిడతాడు, నేను పడతాను, అయిపోతుందనుకున్నా. రాలేదు. ఇక ఆ బల్ల అలాగే ఉండిపోయింది."

చిన్నమ్మాయి లేచి నిలబడింది. ఆయన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది, రెండూ ఒకేసారి అనిపించి ఏదీ చేయలేదు.

"అయిదేళ్ళు నాన్నా. అక్క అయిదేళ్ళుగా బావను తిట్టుకుంటోంది. ఏడవను కూడా లేదు. మాట వినని మనిషి కోసం ఏడవనంది. ఆ తిట్లన్నీ నువ్వు విన్నావు. అప్పుడు నీకు రెండు చెవులూ వినపడ్డాయి కదా?"

మాస్టారు తల వంచుకున్నారు. "వినపడ్డాయి."

"రాయడం మానేసి ఉండొచ్చు కదా, కనీసం?"

"మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు."

ఇంత చిన్న జవాబా అనిపిస్తుంది. దీని కోసం ఒక మనిషి పేరు పోయింది, ఒక ఆడమనిషి దుఃఖం పోయింది. ఇన్నేళ్ళు ఒక ఇంటిని నిలబెట్టిన అబద్ధానికి కింద ఉన్నది ఆ ఒక్క ప్రశ్న, ఎందుకు మానేశావని.

చిన్నమ్మాయి గడియారం చూసుకుంది. తొమ్మిదిన్నర దాటింది. "పద. బల్ల చెరుపుదువుగాని" అంది. చెయ్యి మాత్రం అందించలేదు. ఆయనే నేలకు చెయ్యి ఆనించి లేచారు.

*

షెడ్డు ముందు ఎనిమిదిమందీ వరసగా నిలబడి ఉన్నారు. తొడుక్కున్న రక్షణ జాకెట్లతో పీపాల్లా ఉన్నారు. పెద్దమ్మాయి వాళ్ళ ముందు నడుం మీద చెయ్యి వేసుకుని, మొదటిరోజు పాఠం చెబుతోంది. ప్రతి కొత్త జట్టుకూ ఆమె ఇదే చెబుతుంది. చెల్లెలికి అది కంఠతా వచ్చు. ఇవాళే మొదటిసారి వింటున్నట్టుంది.

"తెరచాప పట్టుకోవడం తర్వాత నేర్పుతాను. ముందు ఇది నేర్చుకోండి. ఈ బల్ల మీద ఏ తీరం రాసుంటే ఆ తీరానికే పోవాలి. నాకు గాలి తెలుసు, నాకు ఈత తెలుసు అని తెలివి చూపించొద్దు. ఇక్కడ ఒకాయన ఉండేవాడు. మీ అందరికన్నా, నాకన్నా బాగా నడిపేవాడు. బల్ల మీద ఒకటి రాసుంటే ఆయన ఇంకోచోటికి పోయాడు. ఆయన్ని సముద్రం తీసుకుపోలేదండీ. మొండితనం తీసుకుపోయింది. చెప్పిన మాట వినని మనిషి."

ఆ ఒకాయన తన భర్త అని ఆమె ఎప్పుడూ చెప్పదు. వరసలో చివరనున్న ఒకావిడ అయ్యో అంది. పెద్దమ్మాయి ముఖంలో ఏ మార్పూ లేదు.

మాస్టారు ఆమెను దాటుకుని బల్ల దగ్గరకు వెళ్ళారు. ఎడమ చెవి ఆమె వైపే ఉంది, మొత్తం విన్నారు. గుడ్డ తీసుకుని దక్షిణాన్నీ పెద్ద తీరాన్నీ చెరిపేశారు.

"నాన్నా?" పెద్దమ్మాయి గొంతులో విస్మయం. "పాఠం మధ్యలో చెరుపుతావేంటి? ఏమైంది?"

ఆయన సుద్దముక్క తీసుకుని రాయడం మొదలెట్టారు. ఆయన చేతిరాత ఎప్పుడూ బళ్ళో పంతులు రాసినట్టు గుండ్రంగా ఉంటుంది. ఇవాళ అక్షరాలు కిందికి జారాయి. మొదటి మాట చూసి ఎనిమిదిమందిలో ఒకతను బిగ్గరగా చదవడం మొదలెట్టాడు, రాసేది తమ కోసమే అనుకుని.

"నైరుతి. ఇవాళ చిన్న తీరం." తర్వాత గీత గీశారు. గీత కింద రాస్తుంటే అతనూ చదువుతున్నాడు. "అయిదేళ్ళ కింద ఆ రోజు కూడా నైరుతే. పెద్ద తీరం అని రాసింది నేను. తర్వాత చెరిపి మార్చింది నేను."

అతని గొంతు తగ్గిపోయింది. ఆఖరి వాక్యం ఎవరూ పైకి చదవలేదు.

అల్లుడు మాట విన్నాడు.

పెద్దమ్మాయి ఆ వాక్యాన్ని ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. చెల్లెలి ముఖంలోకి చూసింది, అక్కడ అబద్ధం దొరుకుతుందేమోనని. దొరకలేదు. మాస్టారు అలవాటుకొద్దీ గుడ్డ కోసం చెయ్యి చాపారు.

"చెరపకు నాన్నా" అందామె. "ఇది ఎవరూ చెరపకండి."

ఏడ్చేస్తుందని చిన్నమ్మాయి రెండడుగులు ముందుకు వేసింది. ఆమె ఏడవలేదు. ఎనిమిదిమంది వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే, "ఇవాళ చిన్న తీరం. మా చెల్లి తీసుకెళ్తుంది. ఆమె చెప్పినట్టు చేయండి" అంది. ఆ తర్వాత షెడ్డులోకి వెళ్ళింది. లోపల స్టూలు జరిపిన చప్పుడు, తాడు తెగిన చప్పుడు వినిపించాయి. బయటికి వచ్చినప్పుడు ఆమె తల మీద దుమ్ము పట్టిన ఆ పలక ఉంది, చంకలో తెరచాప చుట్ట ఉంది. జాకెట్ వేసుకోలేదు.

"అక్కా, ఎక్కడికి?" అంది చిన్నమ్మాయి. "గాలి నైరుతి అక్కా, ఇంకా పెరుగుతోంది!"

మాస్టారు కూడా ఆ జవాబు కోసం ఎడమ చెవి అటు తిప్పారు. పెద్దమ్మాయి అయిదేళ్ళ కింద భర్త వెళ్ళి తిరిగిరాని పెద్ద తీరం దారి పట్టింది.